ఫోసెన్ గాలిమరలు: కోర్టు చెల్లదన్నాక కూడా తిరగొచ్చా?

మంచుతీరం:
నేనుండేది నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో. ఆఫీసు క్యాంటీన్‌లో ఇక్కడివాళ్లు మామూలుగా గొంతు పెంచరు. పెంచితే ఈ విషయం మీదే. మన గ్రూపు ఏమంటుందో చూద్దామని పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాటి అవతలికెళ్తే ఫోసెన్ ద్వీపకల్పం. అక్కడి కొండల మీద స్టోర్‌హెయా, రోఆన్ అని రెండు విండ్ ఫామ్‌లు ఉన్నాయి. రెండూ కలిపి 151 గాలిమరలు. ఆ కొండలు ఇక్కడి ఆదివాసులైన సామీ కాపరుల రెయిన్‌డీర్ మందలకు చలికాలపు మేతభూమి. 2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా లైసెన్సులు చెల్లవన్నారు. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 27వ అధికరణం మైనారిటీల సంస్కృతికి ఇచ్చిన రక్షణకు అవి విరుద్ధమని తీర్పు. అయితే మరల్ని ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. అవి తిరుగుతూనే ఉన్నాయి. చివరికి దక్షిణ ఫోసెన్ కాపరులతో 2023 డిసెంబర్‌లో, ఉత్తర ఫోసెన్ వాళ్లతో 2024 మార్చిలో రాజీ కుదిరింది. కంపెనీలు ఏటా డబ్బు ఇస్తాయి, మరలు ఉంటాయి. లైసెన్సు గడువు తీరాక పొడిగించాలంటే కాపరులు ఒప్పుకోవాలి.

ఇది న్యాయమేనా? పీకేయాల్సిందా?

లెక్కలమాస్టారు:
నా ఓటు రాజీకే. తీర్పు వచ్చేసరికే రెండు చోట్లా కరెంటు గ్రిడ్‌లో కలుస్తోంది. స్టోర్‌హెయా ఒక్కటే 288 మెగావాట్లు. మరలు పీకినంత మాత్రాన కొండల్ని పేల్చి వేసిన రోడ్లు, కాంక్రీటు పునాదులు మాయం కావు. మేత పాత స్థితికి రాదు, కరెంటూ పోతుంది. పైగా అవసరం పెరుగుతోంది. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. ఉత్తరాన హామర్‌ఫెస్ట్ పక్కన మెల్కోయా గ్యాస్ ప్లాంటును కూడా కరెంటుతో నడపడానికి 2023లో ప్రభుత్వం ఓకే అంది. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తుంది? బొగ్గు కాల్చమంటారా?

సంపంగి:
బొగ్గు ఊసెందుకు మాస్టారూ? నార్వే కరెంటులో పదింట సుమారు తొమ్మిది వంతులు జలవిద్యుత్తే. మామూలు ఏడాదిలో వాళ్లు వాడేదానికంటే తయారుచేసేదే ఎక్కువ. మిగిలింది సముద్రం కింద కేబుళ్లతో జర్మనీకీ బ్రిటన్‌కీ అమ్ముతున్నారు.

ఇక మెల్కోయా. సముద్రగర్భంలో తీసిన గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఓడలకెత్తే ప్లాంటు అది. అక్కడ గ్యాస్ బదులు కరెంటు వాడితే నార్వే లెక్కల్లో కర్బన ఉద్గారాలు తగ్గుతాయి, గ్యాస్ మాత్రం ఇంకో దేశంలో కాలుతుంది. ఆ కరెంటు కోసం ఉత్తర కొసనున్న ఫిన్‌మార్క్‌లో కొత్త మరలంటున్నారు. అవి పెట్టేదీ మళ్లీ సామీల మేతభూముల్లోనే. దీన్ని పర్యావరణం ఖాతాలో ఎలా రాస్తారు?

గూగుల్‌బాబాయ్:
నార్వేలో ఉండేది 55 లక్షల మంది. మన హైదరాబాద్‌లో దాదాపు సగమే. నేల 3 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత ఖాళీ పెట్టుకుని ఒక్క కొండ కోసం గొడవేంటి బాసూ? మరల్ని వేరే కొండ మీద పెట్టుకోవచ్చు, లేదంటే మందల్నే వేరే చోటికి తోలుకోవచ్చు.

మంచుతీరం:
బాబాయ్, తగువంతా అక్కడే ఉంది. ఇది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మ్యాపులో ఖాళీగా కనిపించేది నిజంగా ఖాళీ కాదు. సాగుకు పనికొచ్చే నేల 3 శాతం. మిగతాది కొండ, అడవి, మంచు, నీరు. ప్రధాన భూభాగంలో సుమారు 40 శాతం రెయిన్‌డీర్ మేత ప్రాంతమే.

రెయిన్‌డీర్‌కు చలికాలంలో ప్రధాన ఆహారం లైకెన్, నేలనీ రాళ్లనీ పట్టుకుని నాచులా పెరుగుతుంది. గిట్టలతో మంచు తవ్వి దాన్ని తింటాయి. ఫిన్‌మార్క్‌లో మందలు చలికాలం కౌటోకైనో లాంటి లోపలి పీఠభూముల్లో ఉండి, వేసవికి సముద్రం వైపు వస్తాయి. లోపల చలి గడ్డకట్టించేదే అయినా పొడి చలి, మంచు తవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. ఫోసెన్‌లో లెక్క తిరగబడింది, చలికాలపు మేత తీరం దగ్గరే. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల ఈ తీరంలో జనవరిలోనూ వాన పడుతుంది. మంచు మీద వాన పడి మళ్లీ గడ్డకడితే పైన గాజుపలకలాంటి ఐస్. అడుగునున్న లైకెన్ వాసన తగిలినా అందదు. అలాంటప్పుడు దిక్కు, గాలి మంచును ఊడ్చేసే ఎత్తైన బోడికొండలే.

విండ్ కంపెనీలు వెతికేదీ సరిగ్గా అవే కొండల్ని. గాలి ఉంటేనే మర తిరుగుతుంది, గాలి ఉంటేనే మేత తేలుతుంది. మరలు తిరిగే చోటికి మందలు రావడం మానేస్తాయి. స్టోర్‌హెయా, రోఆన్ మేతభూములు చలికాలానికి పోయినట్టేనని కోర్టు నమ్మింది కూడా ఈ కారణంతోనే. ‘వేరే కొండ’ అంటే ఇంకో కాపరి కొండ.

లెక్కలమాస్టారు:
సరే, మేత పోయింది. డబ్బిచ్చి మేత కొనివ్వొచ్చు కదా? కింది కోర్టు అదే చెప్పింది. చలికాలంలో మందల్ని కంచెలో ఉంచి మేపడానికి దాదాపు 9 కోట్ల క్రోనర్లు ఇమ్మంది. చిన్న మొత్తం కాదు.

సంపంగి:
ఆ పరిష్కారాన్నే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది మాస్టారూ. కంచెలో మేత పెట్టే పద్ధతి నిలుస్తుందన్న భరోసా లేదంది. దాని ఆధారంగా హక్కు పోలేదని అనలేమంది.

ఇంకోటి. ‘అప్పటికే కట్టేశారు’ అనేది వాదనే కాదు. కేసు నడుస్తుండగానే కట్టారు. 2018 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ స్టోర్‌హెయా పనులు ఆపమని నార్వేను అడిగింది. ఆపలేదు. ఎవరి స్థలంలోనో మేడ కట్టేసి, కోర్టు తప్పన్నాక ‘అద్దె ఇస్తాలే’ అన్నట్టుంది వ్యవహారం. అలా కట్టేసినవాళ్లకే లాభం అని తేలితే రేపు తీర్పు వచ్చేదాకా ఎవరు ఆగుతారు?

పడవరేవు:
ఇక్కడ సామీ అంటే రెయిన్‌డీర్ కాపరి అన్నట్టు మాట్లాడుతున్నారు. కాపరి వృత్తిలో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు మూడు వేలే. ఫ్యోర్డుల్లో చేపలు పట్టి బతికిన తీర సామీలు వేరే, ఓస్లోలో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు వేరే. సామీ పార్లమెంటు ఓటర్ల జాబితాలోనే 20 వేలకు పైగా పేర్లున్నాయి. కొన్ని కుటుంబాల వృత్తిని మొత్తం జాతి సంస్కృతి అనడం అతి కాదా?

మంచుతీరం:
మీ లెక్క కరెక్టే అన్నా. కానీ ఫోసెన్‌వాళ్లు దక్షిణ సామీలు. ఆ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వందల మంది మాత్రమే. మంద తోలేటప్పుడు, రెయిన్‌డీర్ పిల్లలకు గుర్తులు వేసేటప్పుడు వాడుకలో ఉన్న భాష అది. ఆ పని ఆగితే భాష నిలవడం కష్టం. కోర్టు కూడా దక్షిణ సామీ సంస్కృతి అసలే బలహీన స్థితిలో ఉందన్న సంగతి లెక్కలోకి తీసుకుంది. తక్కువమంది ఉండటం ఇక్కడ కేసును బలపరిచింది.

తూర్పుకనుమ:
చదువుతుంటే పోలవరం ముంపు మండలాలే కళ్లముందుకొస్తున్నాయి. మన కోయలు, కొండరెడ్లు...

మంచుతీరం:
దానికి వేరే చర్చ పెడదాం తమ్ముడూ. ఇక్కడ ఊళ్లు మునగలేదు, ఇళ్లు ఖాళీ చేయించలేదు. పోయింది చలికాలపు మేత. ఆ ఒక్కదాని మీదే దేశపు అత్యున్నత కోర్టు దాకా వెళ్లి గెలిచారు. గెలిచినా ఏం జరగలేదన్నదే ఇక్కడి కోపం.

గూగుల్‌బాబాయ్:
గ్రెటా థన్‌బర్గ్ కూడా వచ్చి కూర్చుందట కదా? క్లైమేట్ అంటూ తిరిగే అమ్మాయి గాలిమరలకు వ్యతిరేకంగా! అదే నాకు అర్థం కాలేదు 😄

సంపంగి:
ఆమె మాట అడ్డుగా పెట్టుకుని నవ్వడం తేలిక. ముందు నడిపింది సామీ యువతే. 2023 ఫిబ్రవరిలో గాయని ఎల్లా మారీ హెత్తా ఇసాక్సెన్, మరికొందరు ఇంధన మంత్రిత్వశాఖలో బైఠాయించారు. తీర్పు వచ్చి 500 రోజులైనా కదలిక లేదని. సంప్రదాయ దుస్తులు గాక్తిని తిరగేసి వేసుకున్నారు, అది వాళ్ల నిరసన గుర్తు. అప్పుడుగానీ మార్చి 2న మంత్రి తెర్యె ఓస్లాన్ క్షమాపణ చెప్పలేదు.

పడవరేవు:
క్షమాపణలకేం కరువు? ఆల్టా నది డ్యామ్ అప్పుడూ ఇంతే. 1979లో దాన్ని ఆపమని సామీలు పార్లమెంటు ముందు నిరాహారదీక్ష చేశారు, 1987కల్లా డ్యామ్ లేచింది. అయితే ఆ ఓటమి తర్వాతే 1988లో రాజ్యాంగంలో సామీల రక్షణకు అధికరణం చేరింది, 1989లో కారాషోక్‌లో సామీ పార్లమెంటు మొదలైంది. 1990లో ఆదివాసుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) 169వ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిందీ నార్వేనే. ఆ లెక్కన రాజీలో దొరికిన వీటో, అంటే లైసెన్సు పొడిగింపును కాదనే హక్కు, చిన్నదేం కాదు.

లెక్కలమాస్టారు:
నేనూ అదే అంటా. సంతకం పెట్టింది కాపరులే. వాళ్లు సరేనన్నాక ఇక్కడ కూర్చుని ‘పీకేయండి’ అనడానికి మనమెవరం?

సంపంగి:
ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, గెలిచాక రెండేళ్లకు పైగా ఎదురుచూసి పెట్టిన సంతకం అది. ఆ ఇళ్లలో పిల్లలకు మంద అప్పజెప్పాలి, ఎన్నాళ్లని కొట్లాడతారు? సంతకాన్ని గౌరవిస్తా. దాన్ని చూపించి ప్రభుత్వం చేసింది సబబే అంటే మాత్రం ఒప్పుకోను. వీటో పనికొచ్చేది లైసెన్సు తీరాక, అంటే 2040ల్లో. అప్పటిదాకా మంద మిగలాలిగా?

మంచుతీరం:
రాజీలో ఎవరూ ఎత్తని ముక్క ఒకటుంది. దక్షిణ ఫోసెన్ వాళ్లకు 2026-27 చలికాలానికల్లా ఫోసెన్ బయట అదనపు మేతభూమి చూపించాలని ఒప్పందం. గాలి ఊడ్చే కొండ కావాలి, ఐస్ కట్టని చోటు కావాలి, మరలు, రోడ్లు, సమ్మర్ కాటేజీలు ఉండకూడదు, ఇంకో కాపరి బృందానిదీ కాకూడదు. మాస్టారూ, లెక్కలు మీవి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా: అలాంటి కొండ ఎక్కడుంది?