“గిరగిర తిరుగునది” అంటే ఏది? (మాట్లాడేవాళ్లని వాళ్ల ఊరి పేర్లతో రాశాం.)

టెక్కలి: బైబిల్లో యెషయా గ్రంథంలోని ఒక ముక్క కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది. “తుపాను ఎదుట గిరగిర తిరుగునది”. ముందూ వెనకా గుర్తు రావడం లేదు. ఇంతకీ ఆ తిరిగేది ఏంటండీ? ఎండుటాకా, దుమ్మా?

బొబ్బిలి: యెషయా 17:13. ముందు కొండమీది పొట్టు ఎగిరిపోతుంది, వెంటనే ఇది. ఆ తిరిగేదానికి హీబ్రూ మూలంలో మాట గల్గల్. కీర్తనలు 83:13లోనూ అదే మాట, కానీ అక్కడ మన తెలుగు అనువాదకులు “సుడి తిరుగు ధూళి” అన్నారు. ఒకచోట ధూళి, ఇంకోచోట అసలు పేరే లేదు. ఆ ధూళి నాకు ఒప్పదు.

విజయనగరం: 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కీర్తన దగ్గర చక్రం అనీ, యెషయా దగ్గర దొర్లే వస్తువు అనీ ఉంది. ఇప్పటి అనువాదాల్లో కొన్ని టంబుల్‌వీడ్, అంటే ఎండి తెగి గాలికి దొర్లే మొక్క, అంటున్నాయి. ఆ మొక్క గుండేలియా అని పండితుల్లో ఒక వాదం. ముళ్ల మొక్క, ఎండాక మొదట్లో తెగి గాలికి దొర్లిపోతుంది. లేతగా ఉన్నప్పుడు పాలస్తీనావాళ్లు అక్కూబ్ అని కూర వండుకుంటారు. కౌబాయ్ సినిమాల్లో దొర్లే మొక్కతో దీన్ని కలపకండి. అది 1870లలో రష్యా అవిసె గింజల్లో కలిసి అమెరికా చేరింది.

సోంపేట: అంత దూరం ఎందుకు మాస్టారూ, బారువ ఇసకలోకి రండి. రావణాసురుడి మీసాలు అనే ఇసక గడ్డి చూడలేదా? ఆడ మొక్కకి ముళ్ల బంతి కాస్తుంది, మగ మొక్క వేరు. పండిన బంతి తెగి, సూదుల కొనల మీద లేచి పరిగెడుతుంది. చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు, అరచేతిలో మాత్రం గుచ్చుతుంది. ఎక్కడైనా ఇసకలో కూరుకుపోతే అక్కడే మొలక. గల్గల్‌కి తెలుగు ఇదే అంటాను.

బొబ్బిలి: దొర్లేది కంకి ఒక్కటే కదండీ. మొక్క తీగలతో ఇసకని పట్టుకుని అక్కడే ఉంటుంది. టంబుల్‌వీడ్‌లో మొత్తం మొక్కే తెగాలి. పైగా మీసాలంటే ఆ బిరుసు ఆకులు, బంతి కాదు.

సోంపేట: మా చింతాడ అత్త బంతినే మీసం అనేది. ఆకులకి మీసం పోలిక ఎక్కడుంది?

విజయనగరం: మీసం సంగతి తర్వాత. అసలు చిక్కు “గిరగిర”లో ఉంది. గిరగిర అంటే ఉన్నచోటే తిరగడం, బొంగరంలాగ. ఈ మొక్క దొర్లుతుంది. అనువాదకుడు “దొర్లునది” అని ఉండాల్సింది.

టెక్కలి: దొర్లునది అంటే బండరాయి కూడా దొర్లుతుంది. సుడిగాలిలో పడ్డదానికి గిరగిరే సరి. ఆ మాట తీసేస్తే వాక్యంలో గాలే ఉండదు.

బొబ్బిలి: గాలి అంటే గుర్తొచ్చింది, తృణావర్తుడు! పోతన దశమ స్కంధంలో సుడిగాలై వచ్చి బాలకృష్ణుణ్ణి ఎత్తుకుపోయినవాడు. పేరులోనే గడ్డి తిరుగుతోంది. పైకెళ్లాక పిల్లవాడు కొండంత బరువై మెడ పట్టుకుంటే కిందపడ్డాడు. పోతన గాలిని రాసినట్టు మరొకరు రాయలేరు, ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

విజయనగరం: సమాసం సరిగా విప్పండి. తిరిగే గడ్డి కాదు, గడ్డిని తిప్పేవాడు. అంటే గాలి. గల్గల్ గాలి కాదు, గాలి తిప్పేది.

బొబ్బిలి: అందుకే కదా అంటున్నది, గల్గల్, తృణావర్తుడు, రెండు పేర్లలోనూ ఆవర్తమే, అంటే సుడి తిరగడమే, ప్రాణం. తృణావర్తం అని మొక్కకే పెట్టేస్తే తప్పేంటి?

సోంపేట: మా రేవులో తృణావర్తం అంటే ఎవరికి అర్థమవుతుంది బాబూ? కళింగపట్నం, చింతపల్లి వైపు వాళ్లున్నారా ఇక్కడ? మీరు బంతిని మీసం అంటారా, ఆకునా? అది చెప్పండి ముందు.