మాదాకవళంలోని కబళం

చిన్నప్పుడు విశాఖ పెదవాల్తేరులో మా వీధిలో చీకటి పడే వేళకు "మాదాకవళం తల్లీ!" అని కేక వినిపించేది. అమ్మమ్మ మాకు వడ్డించడం ఆపి, గరిటెడు అన్నం, దాని మీద కాస్త పప్పు వేసుకుని గుమ్మంలోకి వెళ్లేది.

ఆ కేకను కొందరు 'మాతా, కబళం' అని విడదీస్తారు, కొందరు 'మధుకర కబళం' అంటారు (మధుకరం అంటే తేనెటీగ). ఎలా విప్పినా రెండో సగం కబళమే, అంటే ముద్ద. బకారం వకారమై కవళం అయింది.

ఈమధ్య బుద్ధుడి మాటలు కూర్చిన ఇతివుత్తకం అనే గ్రంథం చదువుతుంటే పాళీలో అదే మాట ఎదురైంది. ఇవ్వడం, పంచుకోవడం వల్ల కలిగే ఫలం నాకు తెలిసినట్టు జనానికీ తెలిస్తే, పెట్టకుండా తినరు అంటాడు బుద్ధుడు. 'చరిమం కబళం', ఆఖరి ముద్దే అయినా సరే, పుచ్చుకునేవారుంటే అందులోంచి పంచాకే తింటారట. అక్కడి మాట ఉత్త దానం కాదు, 'దానసంవిభాగ'. సంవిభాగం అంటే పంచుకోవడం. మనమేమో విభాగాన్ని ఆఫీసులకు వదిలేశాం! దానమైతే మిగిలింది ఇచ్చినా చెల్లుతుంది, సంవిభాగం మాత్రం మన కంచంలోంచే తీయాలి. అందుకే నాకు ఈ మాట మీద అంత ఇష్టం.

తెలుగులో కబళం ఇప్పుడు ఎక్కువగా 'తీరాన్ని కబళిస్తున్న సముద్రం' లాంటి వార్తల్లోనే కనిపిస్తోంది. అది చూస్తే బాధగా ఉంటుంది.

—

మధుకర అన్నవారి మాట తీసిపారేయకండి మాస్టారూ. ధమ్మపదం 49వ గాథ చూడండి: "యథాపి భమరో పుప్ఫం వణ్ణగంధం అహేఠయం, పలేతి రసమాదాయ ఏవం గామే మునీ చరే." పువ్వు రంగు, వాసన చెడకుండా తేనెటీగ తేనె పట్టుకెళ్లినట్టు ముని ఊళ్లో తిరగాలట. మన పల్లెల్లో చదువుకునే పిల్లలు మధూకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకున్నదీ ఈ పద్ధతిలోనే కదా, ఇంటికింత చొప్పున.

—

మంచి గాథ గుర్తుచేశారమ్మా. మా వీధికి వచ్చే ముసలాయన కూడా అంతే. అమ్మమ్మ రెండో గరిటె వేయబోతే గిన్నె వెనక్కి లాక్కుని, "పక్కింట్లో కూడా పెడతారు తల్లీ" అనేవాడు. పోయిన ఆదివారం విశాఖ దగ్గరి పాత బౌద్ధారామం తొట్లకొండ ఎక్కి, రాతిలో తొలిచిన నీటి తొట్లు దాటి, భిక్షువుల భోజనశాల పునాదుల దగ్గర నిలబడితే నాకు ఆ గిన్నే గుర్తొచ్చింది.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ కేకను ఎలా పలికేవారో విన్నవాళ్లు రాయండి.