నలభై ఓడలు ఒకేచోట ఉంటే జలాంతర్గామికి పని సులువు కాదా?

సాగరయాత్రి (ప్రశ్న):

రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ దాటిన వర్తక నౌకల కాన్వాయ్‌ల (యుద్ధనౌకల కాపలాతో గుంపుగా సాగే ఓడల) గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఒక్క విషయం మాత్రం నాకు ఎంతకీ కొరుకుడు పడడం లేదు. 1940 అక్టోబరులో ఎస్‌సీ 7 అనే కాన్వాయ్‌లో 35 ఓడలు బయలుదేరితే జర్మన్ జలాంతర్గాముల దాడిలో 20 మునిగిపోయాయి. దాని వెనుకే వచ్చిన హెచ్ఎక్స్ 79లో మరో 12 పోయాయి. కాన్వాయ్ అంటే అన్నిటికంటే నెమ్మదిగా నడిచే ఓడ వేగానికి మిగిలినవన్నీ తగ్గి నడవడం. పైగా ఒకటి కనబడితే అన్నీ కనబడినట్టే. విడివిడిగా వెళ్తే ఒకటి చిక్కినా మిగిలినవి తప్పించుకునేవి కదా? ఇంత నష్టం చూశాక కూడా ఆ పద్ధతినే ఎందుకు పట్టుకుని ఉన్నారు?

పాతపటం:

సాగరయాత్రి గారూ, మీ సందేహం కొట్టిపారేయదగినది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ పెద్దలు కూడా ఇదే మాట అని కాన్వాయ్‌లను చాలాకాలం వద్దన్నారు. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8.5 లక్షల టన్నులకు పైగా నౌకలు మునిగాకే వారి పట్టు సడలింది. బ్రిటన్ రేవుల్లో వారానికి 2,500 రాకలు, 2,500 పోకలు ఉన్నాయని, అన్నింటికీ కాపలా అసాధ్యమని వారు లెక్క వేశారు. అందులో తీరం వెంబడి తిరిగే చిన్న పడవలను కూడా కలిపేశారు. మహాసముద్రం దాటి వచ్చే ఓడలు నిజానికి రోజుకు ఇరవై చొప్పునే ఉండేవి.

అసలు కిటుకు సముద్రం విస్తారంలో ఉంది. జలాంతర్గామి మీది కాపలావాడు నీటికి నాలుగైదు మీటర్ల ఎత్తున నిలబడి, దుర్భిణితో దిగంతంలో పొగ కోసం వెతుకుతుంటాడు. ఒంటరి ఓడ అతనికి పది మైళ్ల దూరంలో కనబడుతుందనుకుంటే, నలభై ఓడలు వేర్వేరుగా పోయినప్పుడు సముద్రం మీద అలాంటి వలయాలు నలభై ఏర్పడతాయి. అవే ఓడలు కాన్వాయ్‌గా పోతే ఉండేది ఒక్క వలయం, అది కూడా కాస్త పెద్దది మాత్రమే. మిగిలిన సముద్రమంతా ఖాళీ. ఒంటరి ఓడల దారిలో కాచుకున్నవాడికి ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి, టార్పిడో గొట్టాలు మళ్లీ నింపుకోవడానికి తీరిక ఉంటుంది. కాన్వాయ్ ఒక్కసారి దాటిపోయిందంటే రోజుల తరబడి వాడికి కనబడేవి అలలే.

లెక్కల మాస్టారు:

పాతపటం గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ బృందం నష్టాల పట్టికలను పరిశీలించినప్పుడు, కాన్వాయ్ పెద్దదైనా చిన్నదైనా ఒక్కో దాడిలో పోయే ఓడల సంఖ్య దాదాపు ఒకేలా ఉందని తేలింది. ఇరవై ఓడల్లో మూడు పోవడం వేరు, అరవైలో మూడు పోవడం వేరు. ఇక కాపలా విషయానికొస్తే, ఓడలు రెట్టింపైతే అవి ఆక్రమించే వైశాల్యం రెట్టింపవుతుంది కానీ, రక్షక నౌకలు కాయవలసిన చుట్టుకొలత సుమారు 1.4 రెట్లే పెరుగుతుంది. పెద్ద కాన్వాయ్ ప్రమాదకరమన్న పాత నమ్మకాన్ని ఈ లెక్క తలకిందులు చేసింది. 1944 వేసవిలో 160కి పైగా ఓడలతో అట్లాంటిక్ దాటిన హెచ్ఎక్స్‌ఎస్ 300 కాన్వాయ్‌లో శత్రువు చేతిలో ఒక్క ఓడ కూడా పోలేదు.

చుక్కాని:

విడివిడిగా వెళ్తే ఏమయ్యేదో ఊహించుకోనక్కరలేదు, చరిత్రలోనే ఉంది. 1942 జనవరి నుంచి అమెరికా తూర్పుతీరంలో ఓడలు కాన్వాయ్ లేకుండా, వెలుగుతున్న తీరపట్టణాల దీపాల ముందు నల్లని నీడల్లా కదులుతూ వరుసగా మునిగాయి. మే నెలలో అక్కడ కాన్వాయ్‌లు మొదలయ్యాక జర్మన్ జలాంతర్గాములు క్రమంగా వేరే సముద్రాలు వెతుక్కున్నాయి. అదే ఏడాది జులై 4న, రష్యాకు వెళ్తున్న పీక్యూ 17 కాన్వాయ్‌ని చెల్లాచెదురుగా పొమ్మని లండన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. జర్మన్ యుద్ధనౌకలు వస్తున్నాయన్న భయంతో ఇచ్చిన ఆ ఆజ్ఞ తరువాత ఒక్కో ఓడనూ జలాంతర్గాములు, విమానాలు వేటాడాయి. మొత్తం 24 ఓడలు పోయాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం ఇదే.

సాగరయాత్రి:

వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. వలయాల పోలికతో విషయం తేటపడింది. అయితే ఎస్‌సీ 7 సంగతేమిటి? అది కాన్వాయ్‌గానే పోయింది కదా!

పాతపటం:

అది కాన్వాయ్ పద్ధతి తప్పు కాదండీ, కాపలా లేమి. బయలుదేరినప్పుడు ఆ 35 ఓడలకూ తోడున్న యుద్ధనౌక స్కార్‌బరో ఒక్కటే. చివరి రోజుల్లో వచ్చి చేరినవాటికి కలిసి పనిచేసిన అనుభవం లేదు. రాత్రివేళ జలాంతర్గాములు నీటిపైనే తేలుతూ వరుసల మధ్యకు చొరబడ్డాయి. నీటి అడుగున ఉన్నవాటిని శబ్దంతో పట్టే అస్డిక్ పరికరానికి పైన తేలేవి అందలేదు. నీటిపైన వాటి వేగం 17 నాట్ల (గంటకు సుమారు 31 కిలోమీటర్ల) దాకా ఉండేది, కాన్వాయ్ కంటే రెట్టింపు. అదే నీటిలోకి మునగవలసి వస్తే కాన్వాయ్‌ని అందుకోలేక వెనుకబడిపోయేవి. అందుకే తరువాత వచ్చిన సెంటీమీటరు తరంగాల రాడార్, జలాంతర్గాముల రేడియో సందేశాల దిక్కును పసిగట్టే పరికరాలు, దూరం ఎగరగల లిబరేటర్ విమానాలు అన్నీ ప్రధానంగా చేసిన పని వాటిని నీటిపైన నిలవనీయకపోవడమే. 1943 మే నెలలో 41 జలాంతర్గాములు పోయాక, జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిపించాడు.

చుక్కాని:

యంత్రాల మాట వచ్చింది కనుక మనుషుల మాట కూడా చెప్పాలి. వరుసకూ వరుసకూ సుమారు 900 మీటర్ల ఎడంతో, దీపాలు ఆర్పుకుని, రోజుల తరబడి నడపడం సామాన్యమైన పని కాదు. మంచు కమ్మితే ముందు ఓడ తాడుతో ఒక తేలుడు పరికరాన్ని వెనుక ఈడ్చుకుపోయేది. అది ఎగజిమ్మే తెల్లని నీటిచిమ్మే వెనుక ఓడవాడికి గుర్తు, దాన్ని కళ్లార్పకుండా చూస్తూ చుక్కాని తిప్పాలి. ఇంజిన్ గదిలో బొగ్గు వేసేవారిలో చాలామంది భారతదేశం నుంచి వెళ్లిన లాస్కర్లు. టార్పిడో ఎక్కువగా తగిలేది వారున్న చోటే, పైకి చేరే మెట్లు ఎక్కడానికి వ్యవధి ఉండేది కాదు. ముంబయి, చిట్టగాంగ్ స్మారకాల్లో అలా పోయిన సుమారు 6,000 మంది వర్తక నావికుల పేర్లు ఉన్నాయి.

నీటిలో పడ్డవారి కోసం ఏ ఓడా ఆగకూడదన్నది నియమం, ఆగినది తరువాతి గురి అవుతుంది కనుక. 1941 నుంచి కాన్వాయ్ చివరన ప్రత్యేకంగా, నీటిలో పడ్డవారిని కాపాడే ఓడలను నడిపారు. తీరప్రయాణాల చిన్న ఓడలనే మార్చి, వైద్యుణ్ని, శస్త్రచికిత్స గదిని, నీటిలోంచి మనుషుల్ని ఎత్తే వలలను అందులో ఏర్పాటు చేశారు. మిగిలినవన్నీ ముందుకు సాగిపోతుంటే అవి ఆగేవి. యుద్ధం ముగిసేసరికి 4,000 మందికి పైగా నావికుల్ని నీటిలోంచి పైకి తీశాయి.