స్ప్రేయర్ నాజిల్ నుంచి నీటి వేగం: రెండు లెక్కలు, రెండు జవాబులు

మామిడి తోటలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌తో తంటా పడుతున్నాను. పై కొమ్మలకు మందు అందట్లేదు. అసలు నాజిల్ నుంచి నీళ్లు ఎంత వేగంతో వస్తున్నాయో చూద్దామని లెక్క వేశాను.

పంపు దగ్గర ఒత్తిడి గేజీ 20 బార్ చూపిస్తోంది. నాజిల్ రంధ్రం 2 మి.మీ. బెర్నౌలీ సూత్రం (ప్రవాహంలో ఒత్తిడి తగ్గినచోట వేగం పెరుగుతుందనేది) ప్రకారం ఒత్తిడిని పాస్కల్స్‌లోకి మార్చి, రెండింతలు చేసి, నీటి సాంద్రత 1000తో భాగించి వర్గమూలం తీస్తే సెకనుకు 63 మీటర్లు వచ్చింది. నిజమేనా అని గన్‌ను (హోస్ చివర నాజిల్ ఉండే పిడిని) బకెట్‌లో పెట్టి కొలిచాను (చొక్కా మొత్తం తడిసింది, అది వేరే సంగతి). 15 లీటర్లు నిండడానికి 100 సెకన్లు పట్టింది. ఆ ప్రవాహాన్ని రంధ్రం వైశాల్యంతో భాగిస్తే 48 మీటర్లే!

మధ్యలో 8.5 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న హోస్ 50 మీటర్లు ఉంది. తేడా అంతా దానిలోని రాపిడి వల్లేనా? లేక రంధ్రం దాటాక ధార సన్నబడుతుంది కాబట్టి డిశ్చార్జ్ కోఎఫిషియెంట్‌తో (లెక్కలో వచ్చే ప్రవాహంలో నిజంగా వచ్చేది ఎంత వంతో చెప్పే సంఖ్య) గుణించాలంటారే, అదా? అదే అయితే బకెట్ లెక్కలో పూర్తి రంధ్రం వైశాల్యం వాడటమే నా తప్పేమో. గన్ దగ్గర ఇంకో గేజీ బిగిస్తే తేలుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.