పదిహేను వేల మంది వంశవృక్షం: ఒకే ఫైలా, శాఖకొకటా?

పెన్నా_ఒడ్డు:
మా ఇంటిపేరు వాళ్లు, వియ్యాలవారు అందరూ కలిపి గ్రాంప్స్‌లో (వంశవృక్షాలు రాసుకునే సాఫ్ట్‌వేర్) పదిహేను వేల మంది దాటారు. పాత ల్యాప్‌టాప్‌లో చార్ట్ తెరవాలంటే టెన్షనే. మా బాబాయ్ కొడుకు శాఖకో ఫైల్ చేసి తలా ఒకటి చూసుకుందాం అంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల_మాస్టారు:
విడగొట్టొద్దండీ. మేనరికాలున్న ఇళ్లలో శాఖల మధ్య గీత ఎక్కడ గీస్తారు? అక్క కూతుర్ని చేసుకున్నాయన సంగతే చూడండి. పూర్వీకులకు నంబర్లిచ్చే పద్ధతిలో బిడ్డ 1, తండ్రి 2, తల్లి 3, ఆపైన ఎవరి తండ్రికైనా వాళ్ల అంకెకి రెట్టింపు, తల్లికి ఇంకొకటి ఎక్కువ. ఆయన బిడ్డకి తాతగారు తండ్రి వైపు నుంచి 4, అమ్మమ్మ తండ్రిగా మళ్లీ 14, మనిషి మాత్రం ఒక్కరే. ఒకే ఫైల్లో ఉంటే రెండు నంబర్లూ ఒకే రికార్డుకి పోతాయి. రెండు ఫైళ్లయితే తాతగారు చనిపోయిన సంవత్సరం ఒకచోట దిద్దుతారు, రెండోచోట తప్పు అలాగే ఉంటుంది. ఇక చార్ట్ అంటారా, అందర్నీ ఒకేసారి గీయమంటే ఏ కంప్యూటరైనా మొరాయిస్తుంది, ఫిల్టర్ పెట్టి నాలుగైదు తరాలు చూసుకోండి.

తుంగభద్ర_77:
మాస్టారూ, లెక్క బాగుంది గానీ మనుషుల సంగతి? మా ఇంట్లో తాత పేరే మనవళ్లందరికీ, ఎటు చూసినా వెంకట సుబ్బయ్యలే, పుట్టిన తేదీలు సగం మందికి లేవు. డూప్లికేట్లు వెతికే టూల్ ఇద్దర్ని పక్కపక్కన చూపిస్తే మా వాడొకడు చూడకుండా కలిపేశాడు, మనవడి పిల్లలు తాత పిల్లలైపోయారు! శాఖ ఫైలైతే నష్టం అక్కడితో ఆగుతుంది.

లెక్కల_మాస్టారు:
సరే, మళ్లీ ఎప్పుడో కలపాలిగా? ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వంశవృక్షం పంపుకునే జెడ్‌కామ్ ఫైల్లో మనిషికి ఉండే నంబర్ ఆ ఫైల్ వరకే. దాని పాత వెర్షన్ 5.5.1లో యూఐడీకి, అంటే ఏ ఫైల్లోకి వెళ్లినా మారని గుర్తింపుకి, అధికారిక ట్యాగ్ లేదు, 2021లో వచ్చిన 7.0లో ఉంది, కానీ రెండు వైపులా సాఫ్ట్‌వేర్ దాన్ని రాయాలి, చదవాలి. లేకపోతే ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ ఉన్నవాళ్లే కొత్తవాళ్లుగా మళ్లీ దిగుతారు. అప్పుడు మీరు భయపడే ఆ టూలే రోజూ వాడాలి.

అత్తిలి_ఆడపడుచు:
ఇంకోటి ఎవరూ అనట్లేదు. శాఖ ఫైల్ అంటే చివరికి మగపిల్లల ఫైలే. ఆడపిల్లకి పెళ్లయి ఇంటిపేరు మారగానే ఆవిడ పిల్లలు "వాళ్ల శాఖలో ఉంటార్లే" అనుకుంటారు, అక్కడ చూస్తే వాళ్లూ ఎక్కించరు. దత్తత వెళ్లినవాళ్లదీ అంతే, కన్నవాళ్లకీ పెంచినవాళ్లకీ ఇద్దరికీ కలిపే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఫైళ్లు విడిపోతే ఒక వైపు తెగిపోతుంది. శాఖ పేరుతో ట్యాగ్ పెట్టుకోండి, చాలు.

పెన్నా_ఒడ్డు:
ట్యాగ్‌లే పెడతా. తమ్ముణ్ని ఫైల్ ముట్టుకోకుండా మార్పులు జాబితాగా పంపమంటా, ఇంపోర్ట్‌కి ముందు బ్యాకప్ ఎలాగూ తీస్తాను.

తుంగభద్ర_77:
జాబితాలు రాసి పంపే ఓపిక ఎవరికుందండీ? రెండు నెలలకి మానేస్తాడు. అందరూ ఒకే చెట్టు మీద పనిచేయాలంటే గ్రాంప్స్ వెబ్ లాంటిది (బ్రౌజర్‌లో అందరూ కలిసి వాడుకునేది) సర్వర్‌లో పెట్టి ఎవరేం మార్చొచ్చో అనుమతులివ్వండి, బతికున్నవాళ్ల వివరాలు ప్రైవేట్ చేసి. అది కుదరకపోతే నా ఓటు ఇప్పటికీ శాఖ ఫైళ్లకే.