‘అడ్డుకోత’లో కోత ఎక్కడుంది?

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొన్న మా మేనకోడలు ఏదో చదువుతూ, "మావయ్యా, డబ్ల్యూ బోసాన్ అడ్డుకోత 20 నానోబార్న్‌లట. ఎవరు కోశారు? దేన్ని కోశారు?" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఇంగ్లిషులో క్రాస్ సెక్షన్ అనేదాన్నే తెలుగులో అడ్డుకోత అంటున్నాం. డబ్ల్యూ, జడ్ బోసాన్లంటే ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే కణాలు. నానోబార్న్ అంటే చాలా చిన్న వైశాల్యపు కొలత. అప్పటి నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

తీగని అడ్డంగా కోస్తే గుండ్రటి ముఖం కనిపిస్తుంది. దాని వైశాల్యాన్ని అడ్డుకోత అన్నా, మధ్యచ్ఛేదం అన్నా చక్కగా అతుకుతుంది. కానీ జెనీవా దగ్గర కణాల పరిశోధన జరిగే సెర్న్‌లో ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించేటప్పుడు ఎవరూ దేన్నీ కోయరు. అక్కడ చేసేది లెక్కపెట్టడం. జడ్ బోసాన్ పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది. ఒక్కోసారి రెండు ఎలక్ట్రాన్లో, వాటిలాంటివే అయినా బరువెక్కువైన రెండు మ్యూయాన్లో, ఒకటి ధన ఆవేశంతో ఒకటి రుణ ఆవేశంతో బయటికొస్తాయి. వాటి శక్తినీ దిశనీ కలిపి లెక్కిస్తే 91 జీఈవీ (కణాల శక్తికి కొలత, వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ) దగ్గర గుట్టలా పోగుపడతాయి. డబ్ల్యూ అంత సులువుగా దొరకదు. అందులోంచి వచ్చే న్యూట్రినో అనే ఆవేశం లేని కణం ఏ పరికరానికీ చిక్కదు. ఒక పక్క ఎలక్ట్రానో మ్యూయానో గట్టిగా తన్నుకొచ్చి, రెండో పక్క లెక్క తక్కువైతే, ఆ లోటును బట్టి న్యూట్రినో వెళ్లిందని పోల్చుకుంటారు. ఇలా పోగైనవాటిలో దొంగ లెక్కలు తీసేసి, పరికరం చూడలేకపోయినవాటిని అంచనా వేసి కలిపి, ఎన్ని ఢీలకు అవకాశం ఇచ్చామో దానితో భాగిస్తే చివరికి ఒక వైశాల్యం వస్తుంది. దాన్నే అడ్డుకోత అంటున్నాం. ఈ మాట మార్చాలా, వద్దా?

రాజాం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఇలా రాశారు:
"బాబూ, పుట్టినప్పటి అర్థమే మాటకు ఎల్లకాలం ఉండాలంటే కుదరదు. నూనె అంటే నువ్వుల నెయ్యి. ఇవాళ వేరుశనగ నూనె, కొబ్బరి నూనె అంటున్నాం, ఎవరికీ ఇబ్బంది లేదు. అడ్డుకోత కూడా అలాగే అలవాటైపోతుంది."

మాస్టారూ, మీ ఉదాహరణ నాకెంతో నచ్చింది. కానీ నూనె అనగానే ఇప్పుడెవరికీ నువ్వులు గుర్తురావు. కోత సంగతి అలా కాదు. నవంబరు, డిసెంబరు వచ్చాయంటే మన జిల్లాలో ఎవరి నోట విన్నా కోతలే. ఆ బొమ్మ పిల్లల కళ్లముందు బతికే ఉంది, అందుకే తప్పుదారి పట్టిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక్కో రకం లెప్టాన్‌గా (ఎలక్ట్రాన్, మ్యూయాన్ లాంటి కణంగా) విరిగే డబ్ల్యూలనే తీసుకుంటే, 7 టీఈవీ శక్తి దగ్గర ఈ వైశాల్యం సుమారు 10 నానోబార్న్‌లు. 13 టీఈవీ దగ్గర సుమారు 20. కోసిన ముఖమే అయితే శక్తి పెంచగానే రెట్టింపు ఎలా అవుతుంది? పైగా అదే ప్రోటాన్ల నుంచి ధన డబ్ల్యూకి ఒక వైశాల్యం, రుణ డబ్ల్యూకి ఇంకొకటి వస్తాయి. 13 టీఈవీ దగ్గర ధన డబ్ల్యూది దాదాపు 1.3 రెట్లు ఎక్కువ. ప్రోటాన్‌లో అప్ క్వార్కులనే కణాలు రెండు, డౌన్ క్వార్కు ఒకటి ఉండటమే దానికి ముఖ్య కారణం. ఒకే వస్తువును ఒకే చోట కోస్తే ఇన్ని ముఖాలు రావు కదా.

బొబ్బిలి వైపు నుంచి ఒక రైతు రాసింది:
"సార్, నాకు బోసాన్లు తెలీవు గానీ గింజల లెక్కతో నేల లెక్క చెప్పడం మాకు తెలుసు. మా తాతగారు మడి ఎంతంటే, ఇన్ని కుంచాల విత్తనం పట్టే మడి అనేవారు. వెదలు చల్లేటప్పుడు చేతికి చిక్కదనం తెలియాలి. ఎంత చిక్కగా చల్లామో తెలిస్తే, ఎన్ని గింజలు పడ్డాయో చూసి మడి ఎంతో చెప్పొచ్చు."

ఇది చదివి చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. తెలుగు శాసనాల్లో పుట్టెడు నేల, తూమెడు నేల అని ఉండేది ఈ లెక్కే. సెర్న్‌లో చేసేదీ ఇదే. పుట్టిన బోసాన్లు మడిలో పడ్డ గింజలు. ఎంత చిక్కగా చల్లామన్నది రెండో లెక్క. 2015 నుంచి 2018 దాకా అక్కడి అట్లాస్ అనే ప్రయోగంలో చల్లిన చిక్కదనం ఫెమ్టోబార్న్‌కు సుమారు 140. ఒక నానోబార్న్‌లో పది లక్షల ఫెమ్టోబార్న్‌లు. 20 నానోబార్న్‌ల మడిలో 280 కోట్లు పడాలి. అన్నీ పరికరానికి చిక్కవు, అది వేరే సంగతి.

విజయనగరం నుంచి ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి:
"సార్, ఆ చిక్కదనాన్ని ఇంగ్లిషులో లూమినాసిటీ అంటారు, తెలుగులో కొన్ని చోట్ల దీప్తి అని రాస్తున్నారు. నక్షత్రాల దగ్గర ఆ మాట సరే, ఇక్కడ వెలుగెక్కడ? ఒక ప్రోటాన్ ధారను రెండోదాని మీదుగా మెల్లగా అటూ ఇటూ జరుపుతూ, ఢీలు ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గాయో చూసి ధారల వెడల్పు తేలుస్తారు. ఈ పద్ధతిని సెర్న్ శాస్త్రవేత్త వాన్ డెర్ మీర్ 1968లో చెప్పారు. చల్లే చేతి వాటం కొలవడమే కదా! ‘వెద చిక్కదనం’ అంటే ఎలా ఉంటుంది?"

చాలా బాగుందమ్మా. డబ్ల్యూ, జడ్ వైశాల్యాల్లో తరచు పెద్ద అనిశ్చితి ఈ చిక్కదనం నుంచే వస్తుంది, సుమారు 2 శాతం. 1983లో ఈ బోసాన్లు దొరికాక, మరుసటి ఏడాది ఆ అన్వేషణను నడిపిన రుబ్బియాతో పాటు నోబెల్ అందుకున్నది కూడా ఆ వాన్ డెర్ మీరే.

బార్న్‌ను గాదె అనొచ్చా అని ఇంకొకరు అడిగారు. 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రవేత్తలు, యురేనియం కేంద్రకం అణువుల లోకంలో ధాన్యపు కొట్టమంత పెద్ద గురి అంటూ పెట్టిన పేరది. కథ చెప్పేటప్పుడు గాదె అందాం. కొలతను మాత్రం మీటరు, లీటరులాగే బార్న్ అనే ఉంచుదాం.

ఇక అసలు మాట. ‘తగులు మేర’ అని నా ప్రతిపాదన. తగలడం ఉంది, విస్తీర్ణమూ ఉంది. కళ్లంలో చాకలికీ మంగలికీ కొలిచి ఇచ్చే ధాన్యాన్ని కూడా మేర అనేవారు. మొత్తం ఢీలలో డబ్ల్యూ వాటా ఎంత, జడ్ వాటా ఎంత అని అడిగేటప్పుడు ఆ అర్థం కూడా కలిసొస్తుంది. తీగకు అడ్డుకోతను అలాగే ఉంచుదాం.

నిన్న మా మేనకోడలికి ఈ మాటతోనే చెప్పాను. ఈసారి కోత గురించి అడగలేదు. "మరి జడ్ తగులు మేర డబ్ల్యూలో పదో వంతేనా, ఎందుకు?" అంది. జడ్ బరువెక్కువ, పైగా ఒక్కో రకం లెప్టాన్ జంటగా విరిగేది నూటికి మూడు మాత్రమే, డబ్ల్యూ అయితే పదకొండు అని చెప్పి, కాగితం తీసి లెక్క మొదలుపెట్టాం.