కారులో పెన్‌డ్రైవ్ పాటలు, దారిలో ఫోటోల బ్యాకప్: ఎవరైనా సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి అరకు కారులో వెళ్తున్నాం, అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం. ఘాట్ ఎక్కాక సిగ్నల్‌ని నమ్ముకోలేం కదా, అందుకే పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను.

కొత్తగా కొన్న 64 జీబీది పెడితే స్టీరియో అసలు గుర్తుపట్టట్లేదు. పాత 16 జీబీది పెడితే ఠక్కున పాడుతుంది. చూస్తే డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి (ఫార్మాట్) కొత్తదానికి ఎక్స్‌ఫ్యాట్, పాతదానికి ఫ్యాట్32. మార్చేద్దామంటే మా ల్యాప్‌టాప్‌లో 32 జీబీ దాటిన డ్రైవ్‌కి ఫ్యాట్32 ఆప్షనే రావట్లేదు. డ్రైవ్‌ని 32 చొప్పున రెండు పార్టిషన్లు (విడి భాగాలు) చేస్తే స్టీరియో రెండోది కూడా చదువుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

ఇంకో తలనొప్పి. తెలుగులో పేర్లు పెట్టిన పాటలు స్క్రీన్ మీద డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి. వరస కూడా పేర్లని బట్టి కాదు, కాపీ చేసిన క్రమంలో వస్తోంది. పొద్దున్నే నాన్నకి సుప్రభాతం కావాలి, ముందు మోగేదేమో మావాడి డీజే పాట! ఇంగ్లీషు అక్షరాల్లో 001, 002 అని పేర్లు పెట్టి మళ్లీ ఎక్కించడం తప్ప దారి లేదా?

ఇక ఫోటోలు. ల్యాప్‌టాప్ మోయలేను. కెమెరా కార్డుని ఓటీజీ (ఫోన్‌కి నేరుగా తగిలించే) కార్డు రీడర్‌తో ఫోన్‌కి పెట్టి, అక్కణ్నుంచి ఎస్ఎస్‌డీకి (బయట తగిలించే స్టోరేజ్ డ్రైవ్‌కి) పంపుదామని. పోయినసారి లంబసింగిలో ఇలాగే చేస్తుంటే వైరు కదిలి కాపీ ఆగింది, కొన్ని ఫోటోలు కింది సగం బూడిద రంగులో మిగిలాయి. అప్పటికే కార్డు ఫార్మాట్ కొట్టేశాను, నా తొందరే. కాపీ పూర్తిగా అయిందో లేదో సరిచూసే ఆండ్రాయిడ్ యాప్ ఏదైనా వాడుతున్నారా? ఎస్ఎస్‌డీకి ఫోన్ పవర్ చాలుతుందా, విడిగా పవర్ ఇచ్చే యూఎస్‌బీ హబ్ కొనాలా? వచ్చే శుక్రవారమే ప్రయాణం.